భూమిని లెక్కలో వేస్తే కులం మాయమవుతుందా?

కొత్తచెరువులో ఎన్ని ఇళ్లు ఒక పూట తిండితో సరిపెట్టుకుంటున్నాయో తెలుసుకోవాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జవాబు దొరకదు. 2019-21లో జరిగిన ఐదో విడత సర్వే అంకెలు జిల్లా దగ్గరే ఆగిపోతాయి. అప్పటికి శ్రీ సత్యసాయి జిల్లా కూడా లేదు. అది 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కాబట్టి హిందూపురం ఫ్యాక్టరీ కార్మికులు, ధర్మవరం మగ్గం కార్మికులు, కొత్తచెరువు ఎస్సీ కాలనీ నుంచి కూలికి పోయేవాళ్లు అందరూ పాత అనంతపురం జిల్లా సగటులో కలిసిపోయారు.

అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. దేశం మొత్తం మీద చూస్తే ఎస్సీ పిల్లల్లో ఇది దాదాపు 39 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని ‘ఇతరుల’లో దాదాపు 30 శాతం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు పరిశోధకులు ఎక్కువగా వాడే పనిముట్టు రిగ్రెషన్. దాన్ని చదవడం మనకు రాకపోతే మన ఆకలి గురించి ఇతరులు చెప్పిందే నమ్మాల్సి వస్తుంది.

రిగ్రెషన్ ఏం చేస్తుంది?

ఒక ఊళ్లో ప్రతి ఇంటినీ అడిగామనుకుందాం: ఏడాదిలో ఎన్ని నెలలు తిండికి ఇబ్బంది పడ్డారు? దాంతోపాటు ఆ ఇంటి కులం, భూమి, బోరు, చదువు, ఇంట్లో ఎంతమంది అన్నవి రాసుకుంటాం. రిగ్రెషన్ వీటన్నిటినీ ఒకేసారి తీసుకుని, ‘మిగతావన్నీ సమానంగా ఉంటే’ వీటిలో ఒక్కటి మారినప్పుడు ఇబ్బంది నెలలు ఎంత మారతాయో లెక్కగడుతుంది. ఆ అంకెను గుణకం అంటారు. అసలు రాజకీయమంతా ‘మిగతావన్నీ సమానంగా ఉంటే’ అన్న మాటలోనే ఉంది.

కరువు, బడి భోజనం

ఈ పనిముట్టు ఎంత మేలు చేయగలదో మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉంది. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. అది ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ తొలి ఏళ్లలోనే రాష్ట్రాన్ని తీవ్రమైన కరువు పట్టుకుంది. సుప్రీంకోర్టు 2001 నవంబర్ ఆదేశం తర్వాత, 2003లో రాష్ట్రంలో బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది.

భోజనం తినే పిల్లలను, తినని పిల్లలను నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది. సర్కారు బడికి వచ్చేవాళ్లు ముందే పేదలు. వాళ్లు బక్కగా ఉంటే, తప్పు భోజనానిదే అన్నట్టు కనిపిస్తుంది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన వ్యాసంలో, పిల్లల వయసుకీ బడిలో చేరడానికీ ఉన్న సంబంధాన్ని ఆసరాగా చేసుకుని ఈ తేడాను సరిచేశారు. తర్వాత కరువు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లలను విడిగా చూశారు. ఆ పిల్లల ఆరోగ్యానికి భోజనం పెద్ద ఎత్తున మేలు చేసినట్టు తేలింది. బడి భోజనం దండగ అనేవాళ్లకు ఇది గట్టి జవాబు.

అయితే భోజనం ఎక్కడ వండుతున్నారు, ఎవరు వండుతున్నారు, ఏ పిల్లల్ని పక్కన కూర్చోబెడుతున్నారు అన్నది ఈ గుణకంలో కనిపించదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాల సర్వే ఆధారంగా సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో రాసిన వ్యాసం మధ్యాహ్న భోజనంలో, రేషన్ షాపులో కుల వివక్ష ఎలా పనిచేస్తుందో చూపింది. పథకం పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, ఎవరికి ఎంత అందుతోంది అన్నది మరో ప్రశ్న.

మాయమయ్యేది కులం కాదు

ఇప్పుడు అసలు చిక్కు. అర్థం కావడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం. కులం ఒక్కటే వేసి చూస్తే దళిత కుటుంబాలు ఇతరుల కన్నా రెండు నెలలు ఎక్కువ ఇబ్బంది పడుతున్నాయి. భూమి, బోరు, చదువు కూడా వేస్తే ఆ తేడా అర నెలకు పడిపోయింది. వెంటనే ఒక మాట వినిపిస్తుంది: ‘చూశారా, సమస్య పేదరికానిది, కులానిది కాదు.’

ఇది తప్పు. దళితుల చేతిలో భూమి ఎందుకు లేదు? ఉన్న డి-పట్టా భూమి నీళ్లు లేని మెట్టగానే ఎందుకు ఉంది? తాతల కాలంలో బడి గడప ఎందుకు తొక్కనివ్వలేదు? ఇవన్నీ కులం చేసిన పనులే. కులం ఆకలిదాకా నడిచివచ్చే దారులు ఇవి. వాటిని ‘సమానం’ చేసి లెక్క వేయడమంటే ఆ దారుల్ని మూసేసి, కులం రాలేదని చెప్పడమే. మన ఉదాహరణలో తగ్గిపోయిన నెలన్నర కులానికి క్లీన్‌చిట్ కాదు. కులం ఏ దారిన వచ్చిందో చూపే గుర్తు. మిగిలిన అర నెల, అంతే భూమి, అంతే చదువు ఉన్నా ఇంకా మిగిలే తేడా. కూలి రేటులో, అప్పు పుట్టడంలో, రేషన్ షాపులో దాని కారణాలు వెతకాలి.

ఈ పొరపాటు పాతదే. పేదరికం మీద తొలినాళ్లలోనే రిగ్రెషన్ వాడిన వ్యక్తి జార్జ్ ఉడ్నీ యూల్. ఇంగ్లండ్‌లో ఇంటి దగ్గరే సాయం ఎక్కువగా ఇచ్చిన చోట ప్రభుత్వ సాయం మీద బతికే పేదల లెక్క కూడా ఎక్కువగా ఉందని 1899లో ఆయన తేల్చాడు. కానీ సాయం పొందినవాళ్లనే ‘పేదలు’గా లెక్కించారు! ‘కారణం’ అన్న చోట ‘సంబంధం’ అని చదువుకోవాలని యూల్ స్వయంగా ఫుట్‌నోట్‌లో హెచ్చరించాడు. సంక్షేమం జనాన్ని సోమరుల్ని చేస్తోందని ఈరోజు వాదించేవాళ్లు మరిచిపోయేది ఆ ఫుట్‌నోట్‌నే.

లెక్కలోకి రాని ఇళ్లు

వేరుశనగ ఎండిపోయిన ఏడాది మన ఊళ్ల నుంచి కుటుంబాలు బెంగళూరుకు వలస పోతాయి. సర్వే మనిషి వచ్చేసరికి ఇంటికి తాళం. ఆ ఇల్లు లెక్కలో ఉండదు. ఎక్కువ ఆకలి ఉన్న ఇల్లే జారిపోతే మిగిలినవాళ్ల సగటు మెరుగ్గా కనిపిస్తుంది. అలాగే ‘ఎస్సీ’ అన్న ఒక్క గడిలో మాల, మాదిగ, రెల్లి అందరినీ పోస్తే లోపలి తేడాలు తెలియవు. 2025లో రాష్ట్రం ఉపకులాలను మూడు గ్రూపులుగా వర్గీకరించిన తర్వాత కూడా సర్వేలు ఒక్క గడితో సరిపెట్టడానికి సాకు లేదు.

ఊరి స్థాయి లెక్క అసాధ్యమేమీ కాదు. రాప్తాడు మండలం బుక్కచెర్లలో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ 2005-06లో ఇంటింటి సర్వే చేసింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార అభద్రతను కొలవడానికి వాడేది ఎనిమిది ప్రశ్నలే. వాటికి ఉపకులం, భూమి రకం, బోరు, వలస కలిపితే విద్యార్థి సంఘాలు కూడా తమ వాడలో ఈ పని మొదలుపెట్టవచ్చు. తాళం వేసిన ఇళ్లను కూడా రాసుకుని, వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ వెళ్లాలి.

ఇక మీదట ఎవరైనా ‘కులం ప్రభావం లేదని తేలింది’ అంటే మూడు ప్రశ్నలు అడుగుదాం. దేన్ని సమానం చేసి లెక్క వేశారు? అది అసమానం కావడానికి కారణం ఎవరు? లెక్కలో లేని ఇళ్లు ఎవరివి?