వేరుకు ఊపిరాడితేనే చిగురు

జూన్, జూలై వచ్చాయంటే జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లలో మిరప నారు మాటే వినిపిస్తుంది. ఒకప్పుడు చేలోనే మడి కట్టి పోసుకున్న నారు ఇప్పుడు చాలాచోట్ల షేడ్‌నెట్ల కింద, 98 గుంటల ట్రేలలో, కొబ్బరి పొట్టులో పెరుగుతోంది. ఇలా నీడన పెరిగే మొక్కకు తన అవసరం తానే వెతుక్కునే వీలుండదు. గుప్పెడు కూడా లేని ఆ పొట్టే దాని భూమి, మనం పోసిందే దాని వాన. అది వాడితే మన చేతికి ముందు నీళ్ల పైపు వస్తుంది, పసుపు పడితే 19-19-19 ఎరువు ప్యాకెట్టు వస్తుంది. తరచుగా ఈ రెండు పనులే మొక్కను ఇంకా కుంగదీస్తాయి. దెబ్బతిన్న మొక్క తేరుకోవాలంటే ముందు వేరుకు గాలి ఆడనివ్వాలి, మేత సంగతి ఆ తర్వాత అన్నదే నా వాదన.

వేరు కూడా ఊపిరి తీస్తుంది. ఆకు చక్కెర తయారుచేసి కిందికి పంపితే, వేరు దాన్ని ఆక్సిజన్‌తో మండించి శక్తి పొందుతుంది. ఆ శక్తితోనే నేలలోని పోషకాలను లోపలికి లాగుతుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండిపోతే ఈ పని ఆగిపోతుంది, ఎందుకంటే ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వెచ్చని నేలలో మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను వేళ్లు, సూక్ష్మజీవులు కలిసి ఒకటి రెండు రోజుల్లోనే వాడేసుకుంటాయి. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీ అణువుల శక్తి పొందే కణానికి అది లేకపోతే దక్కేవి రెండే. ఆ కరువులో కణం లోపల ఆమ్లత పెరుగుతుంది, నీటిని లోపలికి పంపే ప్రోటీన్ ద్వారాలు మూసుకుంటాయి. అందుకే మోకాలి లోతు నీటిలో నిలబడిన మొక్క కూడా దాహంతో ఉన్నదానిలా తల వాలుస్తుంది. చూసిన రైతు మళ్లీ నీళ్లు పెడితే తప్పు ఆయనది కాదు, పైకి కనిపించే లక్షణం అలాంటిది. ఆకు పసుపు పడటం కూడా ఇంతే. నేలలో నత్రజని ఉన్నా వేరు దాన్ని అందుకోలేదు. అప్పుడు మొక్క ముసలి ఆకుల్లోని నత్రజనిని పీల్చి చిగురుకు పంపుకుంటుంది.

ఈ వాదనకు గట్టి సాక్ష్యం మన పత్తి చేలలోనే ఉంది. బెట్ట తర్వాత జోరుగా వాన కురిసి, వెంటనే ఎండ కాస్తే, కాయల మీదున్న పత్తి మొక్క ఉన్నట్టుండి తోటకూర కాడలా వాలిపోతుంది. దీన్ని పారావిల్ట్ అంటారు. ఏ శిలీంధ్రమూ దీనికి మూలం కాదు. ఊపిరాడని వేరులో తయారైన ఒక రసాయనం పైకెక్కి, ఆకుల్లో ఇథిలీన్ అనే వాయువుగా మారడం ఇందులో ప్రధాన భాగం. వాడుతున్న లక్షణాలు కనిపించిన తొలి గంటల్లోనే లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ కలిపి చల్లమని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. కోబాల్ట్ మొక్కకు మేత కాదు. ఇథిలీన్ తయారీని అది అడ్డుకుంటుంది, అంతే. ఆకలి తీర్చకుండానే మొక్క లేచి నిలబడుతోందంటే జబ్బు ఆకలిది కాదని తేలినట్టే. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్-విజయవాడ రహదారి మునిగినప్పుడు చుట్టుపక్కల నల్లరేగడి చేలకు వచ్చిన అసలు ఆపద కూడా వేరుకు ఊపిరాడకపోవడమే. తడిస్తే ఉబ్బి సందులు మూసుకునే మట్టి అది. నీరు పైన తీసినట్టు కనిపించినా లోపల వేరు మునిగే ఉంటుంది.

ట్రేలో మొక్కకు మరో చిక్కు ఉంది. ఎరువంటే నీటిలో కరిగే ఉప్పే. చిన్న గుంటలో ఉప్పు సాంద్రత పెరిగితే వేరులోకి వెళ్లాల్సిన నీరు బయటే నిలిచిపోతుంది. మిరప జాతి ఉప్పును బాగా ఓర్చుకునేది కాదు. నేల లవణ సూచిక మీటరుకు 1.5 డెసీసైమన్లు దాటితే, ఆపైన పెరిగే ప్రతి ఒక్క యూనిట్‌కూ దిగుబడి సుమారు 14 శాతం తగ్గుతుందని లెక్క. కాబట్టి వాడిన నారుకు ఎరువు పోసే ముందు మొక్కను గుంటలోంచి మెల్లగా లాగి వేరు చూడాలి. తెల్లగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, వాసన వేస్తుంటే కుళ్లు మొదలైనట్టు. ట్రే బరువుగా ఉంటే తేలికయ్యే దాకా నీళ్లు ఆపాలి. ఉప్పు పేరుకుందనిపిస్తే మంచి నీటితో ఒకసారి బాగా కడిగి, అడుగు రంధ్రాల గుండా పూర్తిగా కారనివ్వాలి. నీడ ఎక్కువై సన్నగా సాగిన నారును ఒక్కసారిగా ఎండలో పెట్టడం కూడా ప్రమాదమే. నీడ ఆకుకు ఎండను తట్టుకునే రక్షక వర్ణకాలు తక్కువ. వారం పది రోజులు రోజుకింత చొప్పున ఎండ పెంచితే కాండం గట్టిపడుతుంది.

ముంపు తర్వాత 13-0-45 లాంటి ఎరువులు లీటరుకు 10 గ్రాములు కలిపి పిచికారీ చేయమని వ్యవసాయ అధికారులే చెబుతారు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ ఆ సలహాలో మొదటి వాక్యం ఎప్పుడూ మురుగు నీరు తీసేయమనే. ఆకు మీద చల్లింది వేరును తప్పించి కొద్దిపాటి పోషకాన్ని లోపలికి చేరుస్తుంది, వేరు కోలుకునే దాకా మొక్కను నిలబెడుతుంది. నీరు తీయకుండా చల్లితే ఆ కొద్దీ కరిగిపోయాక మొక్క మళ్లీ మొదటికే వస్తుంది. అదను దాటిపోతుంటే ఆగేదెలా అన్నది ఇంకో అభ్యంతరం, రైతు వైపు నుంచి చూస్తే ఇదే బరువైనది. అయితే ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. పండిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి నిర్ణయం తీసుకోకూడదు. కొత్త ఆకు మామూలు సైజులో విచ్చుకుంటోందా, తెల్ల వేరు కొసలు కనిపిస్తున్నాయా అన్నది చూడాలి. వారంలో ఆ రెండూ లేకపోతే ఇక ఆ ట్రే మీద పెట్టే ఖర్చు వృథా.

అన్నీ తేరుకునే మొక్కలూ కావు. ఆకు ముడుచుకుని గిడసబారిన నారులో వైరస్ ఉంటే ఎంత గాలి ఆడనిచ్చినా అది పోదు, పైగా పురుగు ద్వారా పక్క మొక్కలకు పాకుతుంది. తేడా కంటితో తెలియకపోతే నాలుగు మొక్కలను వేళ్లతో సహా తడిగుడ్డలో చుట్టి గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లవచ్చు. ఆకొక్కటే కోసుకుని వెళితే సగం జబ్బు నర్సరీలోనే ఉండిపోతుంది.