అమ్మకు క్యాన్సర్ అని తెలిసినప్పుడు



ఈ నెల గోడపత్రికలో ఆరోగ్యం గురించి రాయమని మా టీచరు చెప్పారు. నేను క్యాన్సర్ గురించి రాస్తున్నాను. ఎందుకంటే అది మా ఇంటికి వచ్చింది.

పోయిన ఏడు దసరా సెలవులకు తండాకు పోతే ఇంట్లో అమ్మ లేదు. "పని మీద పట్నం పోయింది" అన్నాడు నాయిన. చిన్నమ్మ మాత్రం నన్ను చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పిల్లలకు చెప్తే భయపడతరని వాళ్ల ఆలోచన. కాని చెప్పకపోవడం వల్లనే నేను ఎక్కువ భయపడ్డాను. బడికి వచ్చే ముందు కొత్త చెప్పుల కోసం అమ్మతో కొట్లాడాను. ఆమె ఉసురు తగిలిందని, తప్పు నాదేనని రాత్రులు ఏడ్చాను.

నాలుగు రోజులకు నాయిన నన్ను, తమ్ముడిని కూర్చోబెట్టి చెప్పాడు. అమ్మకు రొమ్ము క్యాన్సర్. తమ్ముడు "అమ్మ చచ్చిపోతదా?" అని అడిగాడు. నాయిన జరసేపు ఆగి, "డాక్టర్లు మంచిగ చూస్తున్నరు. ఏమైతదో నాకు ఎరుక లేదు బిడ్డా. ఏం తెలిసినా ముందు మీకే చెప్త" అన్నాడు. వింత ఏమిటంటే, ఆ రాత్రి మేము మంచిగ నిద్రపోయాము.

క్యాన్సర్ అంటే ఏమిటి?

మన శరీరం కణాలతో తయారైందని చదువుకున్నాం కదా. పాతవి చనిపోతే కొత్తవి పుడతాయి. ఒక్కోసారి కొన్ని కణాలు అదుపు తప్పి, అవసరం లేకున్నా చేనులో గడ్డి లాగా పెరుగుతూ పోతాయి. చాలాసార్లు గడ్డ కడతాయి. వేరే భాగాలకు కూడా పాకుతాయి. అదే క్యాన్సర్.

పిల్లలు తెలుసుకోవలసినవి

1. ఇది మన వల్ల రాదు. అలిగినా, కొట్లాడినా, మార్కులు తక్కువ వచ్చినా ఎవరికీ క్యాన్సర్ రాదు. ఇది పాపమో, దేవుని కోపమో కాదు. 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారి భార్య బసవతారకం గారు ఈ జబ్బుతోనే చనిపోయారు. ఆమె పేరుతో 2000లో హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. బీద, గొప్ప అని లేదు, ఎవరికైనా రావచ్చు.

2. ఇది అంటుకోదు. కొందరు మా అమ్మకు నీళ్లు వేరే గ్లాసులో ఇచ్చారు. అది తప్పు. ఒకే కంచంలో తినవచ్చు, పక్కన పడుకోవచ్చు. నిజానికి జాగ్రత్త అటు నుండి కాదు, మన నుండి. మందుల వల్ల వాళ్లకు రోగనిరోధక శక్తి తగ్గుతుంది. మనకు జలుబు, జ్వరం ఉంటే దూరంగా ఉండాలి, చేతులు కడుక్కోవాలి.

3. జుట్టు ఎందుకు ఊడుతుంది? కీమోథెరపీ మందు వేగంగా పెరిగే కణాలను చంపుతుంది. జుట్టు కుదుళ్లలోని కణాలు కూడా వేగంగా పెరిగేవే. అందుకే ఊడుతుంది. వైద్యం అయినంక చాలామందికి మళ్లీ వస్తుంది. మా తమ్ముడు మాత్రం అందరికీ "మా అమ్మ ఏడుపాయల మొక్కు తీర్చుకుంది" అని చెప్పాడు! అమ్మ విని నవ్వింది.

4. 'కరెంటు పెట్టడం' అంటే షాకు కాదు. అది రేడియేషన్. ఎక్స్ రే తీసినట్టే మిషనుతో కిరణాలు పంపుతారు. ఆ సమయంలో నొప్పి ఉండదు. అది అయినంక అమ్మను పట్టుకుంటే మనకు ఏమీ కాదు.

5. ఏడుపు వస్తే ఏడవండి. ఆడుకోవాలనిపిస్తే ఆడుకోండి. అమ్మకు బాగలేనప్పుడు నవ్వడం తప్పు కాదు. హాస్టల్లో ఒంటరిగా దిగులు పడకుండా టీచరుకో, వార్డెను మేడానికో చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పైసలు కావు.

వైద్యం ఎక్కడ?

హైదరాబాదు రెడ్ హిల్స్ లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ఆసుపత్రి క్యాన్సర్ కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీలో కూడా క్యాన్సర్ వైద్యం ఉంది. ఒంట్లో గడ్డ కనిపిస్తే సిగ్గుపడి దాచవద్దు. తొందరగా చూపించుకుంటే బాగయ్యే అవకాశం ఎక్కువ. అందరికీ నయం కాదన్నది కూడా నిజమే. అందుకే డాక్టరు చెప్పినన్ని రోజులు మందు మానవద్దు.

మా అమ్మ ఇప్పుడు మూడు నెలలకు ఒకసారి చూపించుకోవడానికి పోతుంది. పోయే ముందు నాయిన హాస్టలుకు ఫోను చేసి చెప్తాడు. వచ్చినంక మళ్లీ చేస్తాడు. మాట తప్పలేదు.

ఆదివారం నాడు మనల్ని చూడటానికి వచ్చే అమ్మానాయినలకు ఇది చూపించండి. చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి. పెద్దలకు నా మనవి ఒక్కటే: పిల్లలకు దాచకండి. కొంచెం కొంచెంగానైనా నిజం చెప్పండి.

ఇట్లు
మీ అక్క,
10వ తరగతి