భయపు కథలు, పాచికల ఆటలు, మన యౌవనస్థులు



కల్లూరులో మొన్నొక స్త్రీల కూడికలో ఒక తల్లి లేచి ప్రశ్న వేసింది. ఆమె కుమారుడు బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అతని సంచిలో రంగురంగుల పాచికలు, ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కనబడ్డాయి. అట్ట మీద ఆక్టోపస్ తల, గబ్బిలం రెక్కలు ఉన్న ఒక భూతం బొమ్మ. "ఇది దయ్యాల పూజ పుస్తకమా అయ్యగారూ? పొయ్యిలో పెట్టేదా?" అని ఆమె అడిగింది. కూడికలో సగం మంది పెట్టేయమనే అన్నారు. అయ్యగారు మాత్రం వారం రోజులు ఓపిక పట్టమన్నారు. ఇటువంటి పుస్తకాలు ఈ రోజుల్లో మరి కొన్ని ఇళ్ళకు కూడా రావచ్చు గనుక, అసలు సంగతి ఏమిటో అందరం కలిసి తెలుసుకోవడం మంచిది.

అది పూజా విధానం కాదు. ఒక ఆటకు నియమాల పుస్తకం. ఆట పేరు 'కాల్ ఆఫ్ కథుల్హు'. 1981లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కేయాసియం అనే చిన్న కంపెనీ దానిని అచ్చు వేసింది. రాసినవాడు శాండీ పీటర్సన్, మోర్మను సంఘస్థుడు. మోర్మనుల బోధతో మనకు ఏకీభావం లేదు, అది వేరే మాట. కాని సాతానును పూజించేవాడెవడో ఆ పుస్తకం రాశాడని మనం ప్రచారం చేస్తే, తొమ్మిదవ ఆజ్ఞ మీరినవాళ్ళమవుతాము.

ఆట ఎలా ఉంటుందంటే, నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మన వీధి నాటకంలో సూత్రధారి లాగా. మిగిలినవారు తలా ఒక పాత్ర కట్టుకుంటారు. ఒకడు డాక్టరు, ఒకడు పత్రికా విలేఖరి, ఒకతె కాలేజీ పంతులమ్మ. "పాత ఇంటిలో మెట్ల కింద తలుపు ఉంది, తెరుస్తావా?" అంటాడు కథ నడిపేవాడు. తెరుస్తాను అంటే పాచికలు వేయాలి. పది ముఖాలు గల పాచికలు రెండు వేస్తే ఒకటి నుండి నూరు వరకు ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకెను బట్టి కథ ముందుకు పోతుంది. అట్ట మీద గళ్ళు ఉండవు, వైకుంఠపాళి లాగా పండడం ఉండదు. మాటలు, పాచికలు, అంతే. ఈ తరహా ఆటలకు పెద్దన్న 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' అనే సీరియల్‌లో పిల్లలు ఆడేది అదే. మన పిల్లల్లో చాలామందికి ఈ ఆటలు తెలిసింది సెల్‌ఫోనులో ఆ సీరియల్ చూసే.

కథుల్హు ఆటలో మాత్రం ఒక విచిత్రమైన నియమం ఉంది. ప్రతి పాత్రకూ బలానికి, తెలివికి అంకెలు ఉన్నట్టే, మతి స్థిమితానికి కూడా ఒక అంకె ఉంటుంది. ఘోరమైనది ఏదైనా కంటబడితే పాచిక వేయాలి, సాధారణంగా ఆ అంకె తగ్గుతుంది. సున్నాకు వస్తే ఆ పాత్ర ఇక నీది కాదు. ఇంకొకటి చూడండి. ఆ భూతాల రహస్యాలు ఎంత ఎక్కువ తెలుసుకుంటే, మతి అంకె అంతకు మించి పెరగకుండా గిరి అంత కిందికి దిగుతుంది. జ్ఞానం పెరిగేకొద్దీ మనిషి తరుగుతాడు! విస్తారమైన జ్ఞానంలో విస్తారమైన దుఃఖం ఉందని ప్రసంగి మొదటి అధ్యాయంలోనే చెప్పాడు గాని, ఆయన అక్కడ ఆగిపోలేదు. ఈ ఆట అక్కడే ఆగుతుంది. ఎందుకో తెలియాలంటే దాని వెనుక ఉన్న రచయితను తెలుసుకోవాలి.

ఆదివారపు బడిలో కూర్చున్న పిల్లవాడు

ఆయన పేరు హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్. 1890లో అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్సు నగరంలో పుట్టాడు. ఆ నగరానికి మనకు ఒక చుట్టరికం ఉంది. అమెరికాలో మొట్టమొదటి బాప్టిస్టు సంఘం 1638లో రోజర్ విలియమ్స్ స్థాపించింది అక్కడే. 1840లో నెల్లూరుకు శామ్యూల్ డే దొరను పంపింది, తరువాత మన కర్నూలులో కోల్స్ పాఠశాల పెట్టింది ఆ అమెరికన్ బాప్టిస్టుల మిషనే. ఆ మొదటి సంఘపు ఆదివారపు బడిలో, అయిదేళ్ళ ప్రాయంలో, ఈ లవ్‌క్రాఫ్టు కూర్చున్నాడు.

కూర్చొని ప్రశ్నలు వేశాడు. అంతకు ముందే ఇంట్లో అరేబియా కథలు, గ్రీకుల దేవతల కథలు చదివాడు. అవి కథలైతే ఇవి ఎలా నిజం అని అడిగాడు. పెద్దయిన తరువాత ఆయనే రాసుకున్నదాని ప్రకారం, అతని అడుగుళ్ళు భరించలేక చివరకు బడికి రాకపోయినా పరవాలేదన్నారు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం గుండె చివుక్కుమంది. మన సంఘాల్లో "నోరు మూసుకొని వాక్యం వల్లె వేయి" అనే ఉపాధ్యాయులు లేరా? ఎదురు ప్రశ్న వేసిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించిన బడులు లేవా? మనం విననివాటిని పిల్లలు ఎక్కడో ఒక చోట అడగక మానరు.

అతని ఇంటి పరిస్థితి కూడా దయనీయమైనది. మూడేళ్ళు నిండకముందే తండ్రికి మతి చెడి బట్లర్ ఆసుపత్రిలో చేర్చారు. అయిదేళ్ళకు అక్కడే చనిపోయాడు. 1919లో తల్లిని కూడా అదే ఆసుపత్రికి తీసుకుపోయారు. 1921లో ఆమె అక్కడే కన్నుమూసింది. ఇప్పుడు ఆటలోని ఆ మతి అంకెను తలచుకోండి. పీటర్సన్ లెక్కలోకి దించినది ఈ రచయిత కథల్లోని భయాన్నే.

లవ్‌క్రాఫ్టుకు చిన్ననాటి నుండి నక్షత్ర శాస్త్రం మీద మహా ఇష్టం. ఆకాశం ఎంత పెద్దదో లెక్కలు కట్టి చూసుకున్నాడు. ఈ విశ్వం ఇంత పెద్దదై, దీనిలో మనిషిని ఎరిగినవాడు ఎవడూ లేకపోతే? ఆ ఒక్క ఆలోచన మీదే ఆయన కథలన్నీ నిలిచాయి. ఆయన భూతాలు సాతాను వంటివి కావు. సాతానుకు కనీసం మనిషి మీద పగ ఉంది. ఈ భూతాలకు మనిషి అంటే మన కాలి కింద చీమ. 1928లో 'వియర్డ్ టేల్స్' పత్రికలో అచ్చయిన కథలో కథుల్హు సముద్రం అడుగున మునిగిన పట్టణంలో నిద్రపోతుంటుంది. ఆ పేరు మనిషి నోటికి సరిగా పలకకూడదనే ఆయన అలా పెట్టాడట. మనం కూడా పలకలేకపోతున్నాం లెండి.

బైబిలు చదివేవారికి ఆయన కథల్లో తెలిసిన పేరు ఒకటి తగులుతుంది. 1917లో రాసిన ఒక కథకు 'దాగోను' అని పేరు పెట్టాడు. అవును, ఫిలిష్తీయుల దాగోనే. మొదటి సమూయేలు అయిదవ అధ్యాయంలో మందసము ఎదుట బోర్లపడి, మరునాడు తల, చేతులు తెగి గడప దగ్గర పడి ఉన్నవాడు. లవ్‌క్రాఫ్టు దాగోనును తీసుకున్నాడు, మందసాన్ని వదిలేశాడు. ఆయన రచనలన్నిటికీ ఇంతకంటే సూటి వివరణ నాకు దొరకలేదు.

ఆయన మనస్సులో మరొక చీకటి ఉండేది. నల్లవారన్నా, పరదేశులన్నా ఆయనకు అసహ్యం. ఆ కథుల్హు కథలో కూడా భూతాన్ని కొలిచేవారు నల్లవారు, సంకర జాతుల నావికులు. ఈ కారణం చేతనే, అమెరికాలో ఒక పెద్ద సాహిత్య బహుమానానికి ఆయన తల ప్రతిమను ఇచ్చే ఆచారాన్ని 2015లో మానుకున్నారు. 1937లో, 46 ఏళ్ళకే, పేగుల కేన్సరుతో, బీదతనంలో ఆయన మరణించాడు.

మన తెలుగులో

ఇదంతా దొరల గోల అనుకోకండి. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ధారావాహికంగా వస్తుంటే, వారం వారం పత్రిక కోసం జనం కాచుకొని ఉండేవారు. తులసి అనే పసిపిల్ల మీద కాష్మోరా అనే చేతబడి ప్రయోగిస్తారు. ఒకపక్క మాంత్రికుడు, మరొకపక్క వైద్యులు. పిల్లకు వచ్చినది మంత్రమా, జబ్బా అన్నదానికి రెండు విధాల జవాబులూ ఆ నవలలో ఉన్నాయి. 1985లో కన్నడంలో, 1989లో తెలుగులో సినిమాగా కూడా వచ్చింది. ఆ తరువాత మరెందరో అదే బాట పట్టారు. విమర్శకులు దానికి క్షుద్ర సాహిత్యం అని పేరు పెట్టారు. అదే యండమూరి తరువాత 'విజయానికి ఐదు మెట్లు' రాశారు, అది మన పాస్టర్ల ఇళ్ళలో కూడా చూశాను.

పుస్తకం చదివి భయపడడం ఒక ఎత్తు. మన పల్లెల్లో ఆ భయం పుస్తకంలో ఉండిపోదు. పంట ఎండితే, గొడ్డు చస్తే, బిడ్డకు జ్వరం దిగకపోతే, ఎవరో చేయించారు అనే మాట పుడుతుంది. ఆ మాట ఎవరి మీద వాలుతుంది? రెడ్డిగారి మీద వాలదు, కరణంగారి మీద వాలదు. ఊరి చివర ఒంటరిగా ఉన్న విధవరాలి మీద, మాలపేట, మాదిగపేటల్లో ఏ దిక్కూ లేని ముసలాయన మీద వాలుతుంది. చేతబడి నెపంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టిన, పళ్ళు ఊడగొట్టిన, ప్రాణం తీసిన వార్తలు తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? లవ్‌క్రాఫ్టు కథలో భూతాన్ని కొలిచేవాడు నల్లవాడే కావడం, మన ఊరిలో చేతబడి చేసేవాడు పేదవాడే కావడం, రెండూ ఒకే వేరు నుండి వచ్చిన చేదు. మన సంఘాల్లో ఎక్కువ మంది పూర్వీకులు ఆ పేటలవారే గనుక ఈ సంగతి మనం మరచిపోకూడదు.

మందిరంలోనే ఈ భయాన్ని అమ్ముకునేవారు ఉన్నారని కూడా చెప్పక తప్పదు. "నీ ఇంటిలో ఏదో పాతిపెట్టారు" అని చెప్పి, ప్రార్థనకు ఇంత అని పుచ్చుకునే వారిని ఏమనాలి? బెంగుళూరులో బల్ల చుట్టూ కూర్చొని పాచికలు వేసే పిల్లల కంటే వీరి వల్లే నాకు ఎక్కువ దిగులు.

అమెరికా సంఘాలు చూసినది, చూడనిది

ఈ ఆటలను గురించి అమెరికా క్రైస్తవులు 1980ల్లో పెద్ద గొడవ చేశారు. 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ళ విద్యార్థి ఒకడు మాయమైపోయాడు. ఆట ఆడుతూ యూనివర్సిటీ కింది సొరంగాల్లో తప్పిపోయాడని పత్రికలు రాశాయి. నిజానికి ఆ పిల్లవాడు మనస్సు కుంగి, బ్రతకకూడదని అక్కడికి వెళ్ళాడు. తరువాత దొరికాడు గాని, 1980లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అయినా నింద ఆట మీదే పడింది. 1984లో జాక్ చిక్ అనే ఆయన ఈ ఆటకు విరోధంగా బొమ్మల కరపత్రం వేశాడు, అది సంఘాల్లో విస్తారంగా పంచారు. ఒత్తిడికి లోబడి 1989లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వారు కొత్త ముద్రణలో దయ్యాల పేర్లు మార్చేశారు. పేర్లు మారాయి. కుంగిపోయిన పిల్లల సంగతి ఎవరు పట్టించుకున్నారు? అందరూ పాచికల వైపు చూస్తుంటే పిల్లవాడి ముఖం చూసినవాడు లేకపోయాడు. ఇంటరు మొదలుకొని హాస్టళ్ళలో ర్యాంకుల కోసం నలిగిపోతున్న బిడ్డలున్న మన ఇళ్ళకు ఇది దూరపు కథ కాదు.

అయితే ఆడుకోనివ్వండి అని గుడ్డిగా చెబుతున్నానా? లేదు. ద్వితీయోపదేశకాండము 18లో దేవుడు నిషేధించినవి స్పష్టంగా ఉన్నాయి. సోదె అడగడం, చచ్చినవారిని పిలవడం, కర్ణపిశాచిని ఆశ్రయించడం. స్నేహితులు నిజంగా ఆత్మలను పిలుద్దామని అక్షరాల పలక మీద గ్లాసు తిప్పుతుంటే లేచి వచ్చేయమని చెప్పండి. కాని చేయడం వేరు, కథగా చెప్పుకోవడం వేరు. సౌలు ఏన్దోరుకు మారువేషంలో వెళ్ళిన రాత్రి కథ మన బైబిలులోనే ఉంది గదా. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు వారు కాల్చినవి ఏభైవేల వెండి రూకల విలువ గల మాంత్రిక పుస్తకాలు. అవి వారే స్వయంగా వాడినవి, వారే ఇష్టపూర్వకంగా తెచ్చి కాల్చినవి. ఒకరి సంచిలో నుండి మరొకరు తీసి కాల్చినవి కావు.

కాబట్టి పొయ్యి మాట పక్కన పెట్టి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకొని, ఆట ఎలా ఆడతారో చెప్పమనండి. ఎవరితో ఆడుతున్నాడు, ఎన్ని గంటలు, ఎంత డబ్బు? నిద్ర పడుతోందా? ఆటలో మాత్రమే స్నేహితులున్నారా, బయట కూడా ఉన్నారా? ఒంటరిగా ఉన్నట్టు, బ్రతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. మతి చెడడం ఆటలో ఒక అంకె, ఇంట్లో అది జబ్బు, దానికి మందు ఉంది.

ఆ తరువాత విశ్వం సంగతి మాట్లాడండి. సముద్రపు భూతం గురించి అతనికి తెలిసినదానికంటే మనకు ఎక్కువ తెలుసు. యోబు 41 అంతా మకరము గురించే. 104వ కీర్తనలో అదే మకరము సముద్రంలో ఆడుకోవడానికి దేవుడు చేసిన జంతువు. మనిషి ఎంత చిన్నవాడో 8వ కీర్తన కూడా దాచలేదు. ఆకాశాన్ని చూసి దావీదు అడిగిన ప్రశ్న, లవ్‌క్రాఫ్టు అడిగిన ప్రశ్న దాదాపు ఒక్కటే. కాని దావీదు దానిని ఒకరి ముఖం వైపు చూసి అడిగాడు.

1979లో స్కైలాబ్ పడుతుందని మన పల్లెలు అల్లాడిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. రేపు లేదని కోళ్ళు, పొట్టేళ్ళు కోసుకుతిన్నవారు ఉన్నారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, కొంత ఆస్ట్రేలియా పడమటి ఎడారి ప్రాంతంలో రాలిపోయింది. అప్పట్లో మీ ఇంట్లో ఏమి చేశారో పిల్లలకు చెప్పండి, వారు నవ్వుతారు, వింటారు కూడా.

క్రిస్మసు రోజుల్లో రాత్రి తొమ్మిది గంటలకు మిద్దె ఎక్కితే కృత్తికలు దాదాపు నడినెత్తిన ఉంటాయి, తూర్పు వైపు మృగశిర కనబడుతుంది. ఈ రెండింటి పేర్లూ యోబు 38లో ఉన్నాయి. ఆ అధ్యాయం మొదలుకొని 41 చివర వరకు ఇంటిల్లిపాదీ వంతులు వేసుకొని చదివితే అరగంట పట్టదు. ఇంగ్లీషు వచ్చిన కుమారుణ్ణి అతని పుస్తకంలోని కథ కూడా ఒకటి చెప్పమనండి, అమ్మమ్మలకు అర్థమయ్యేలా తెలుగులో.