సాధారణ వైద్యుని వద్ద కుంగుబాటు చికిత్స

కుంగుబాటు అనగానే మీకు మానసిక వైద్యుడు గుర్తుకురావచ్చు. కాని ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామంది ముందుగా వెళ్లేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, వీధి చివరి డాక్టరు దగ్గరికో. అక్కడ వారు 'మనసు బాగాలేదు' అని చెప్పరు. నీరసం, ఒళ్లు నొప్పులు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం గురించే చెబుతారు. బలానికి సూది, నొప్పికి మాత్రలు తీసుకొని ఇంటికి పోతారు. నెల తిరగకముందే మళ్లీ వస్తారు. 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో కుంగుబాటు ఉన్నవారిలో చాలామందికి చికిత్స అందడం లేదు.

గుర్తించడానికి పి.హెచ్.క్యు.-9 అనే ప్రశ్నావళి ఉంది. గడచిన రెండు వారాల్లో ఉత్సాహం, నిద్ర, ఆకలి, ఏకాగ్రత మొదలైనవి ఎలా ఉన్నాయో తొమ్మిది ప్రశ్నల ద్వారా తెలుసుకుంటారు. ఒక్కొక్క దానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకు మించి వస్తే డాక్టరు వివరంగా పరీక్షించాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొందరు డాక్టర్లు దాన్ని దాటవేస్తారు. ఈ భయానికి ఆధారం లేదు. అడగకపోవడమే ప్రమాదం.

అయితే గుర్తించినంత మాత్రాన రోగం నయం కాదు. అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వికారం వంటి ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే కనిపిస్తాయి. రోగి 'ఈ మందు నాకు పడలేదు' అనుకొని మానేస్తాడు. కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలన్న సంగతి అతనికి ఎవరు చెప్పాలి? బయట యాభై మంది వేచి ఉన్న డాక్టరుకు అంత తీరిక ఎక్కడిది?

గోవాలో జరిగిన 'మానస్' పరిశోధన ఈ ప్రశ్నకు ఒక జవాబు చూపింది. దాని ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని చూసుకోవడానికి వైద్య చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి సలహాదారులుగా నియమించారు. రోగికి వ్యాధి గురించి విడమరచి చెప్పడం, మందు మానకుండా చూడడం, రానివారిని మళ్లీ రప్పించడం వారి పని. ఆరు నెలల తరువాత ప్రభుత్వ కేంద్రాల్లో ఈ సేవ పొందినవారిలో 65.9 శాతం మంది కోలుకున్నారు. మామూలు చికిత్స పొందినవారిలో కోలుకున్నది 42.5 శాతమే.

ప్రైవేటు డాక్టర్ల దగ్గర మాత్రం ఇలాంటి తేడా కనిపించలేదు. విద్యార్థులు ఈ ఫలితాన్ని తరచు వదిలేస్తారు. నాకు ఎక్కువ ఆలోచన పుట్టించింది ఇదే. కుటుంబాన్ని ఏళ్ల తరబడి ఎరిగిన డాక్టరు ఆ పలకరింపు, ఆ ఆరా తానే ఇస్తూ ఉండవచ్చు. అది కొరవడిన చోటే సలహాదారుని సాయం ఎక్కువగా అక్కరకు వచ్చిందని నా అభిప్రాయం.

ఇక్కడ కాసేపు ఆగండి. మీకు దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో ఈ పని ఎవరికి అప్పగించవచ్చు? ఆశా కార్యకర్తకా, ఏ.ఎన్.ఎం.కా, వేరొకరికా? వారికి ఇప్పటికే ఉన్న పనులను కూడా లెక్కలోకి తీసుకొని పది వాక్యాల్లో రాయండి.