పగడపు తొట్టెలో మెగ్నీషియము

గాజుతొట్టెను ఇంటికి తెచ్చుట మగవారి ముచ్చట. తెచ్చిన పిదప నీరు చూచుట, మేత వేయుట, కరెంటు పోయినపుడు కంగారుపడుట ఇల్లాలి పని. ఇప్పుడు మంచినీటి చేపలతో తృప్తిపడక, ఉప్పునీటితో పగడపు తొట్టెలు పెట్టువారును మా కాప్రా వంటి చోట్ల కలరు. మా యింటను మూడేండ్లుగా 200 లీటర్ల తొట్టె యొకటి యున్నది. చూడవచ్చిన సోదరీమణులు చేపలనుగూర్చి యడుగుదురే గాని నీటినిగూర్చి యడుగరు. ఆ నీట మెగ్నీషియము ఎంత యుండవలెనో, తగ్గినచో ఏమగునో, ఎట్లు కొలిచి కలుపవలెనో యిందు వ్రాయుచున్నాము.

పగడమనగానే మనకు మంగళసూత్రమునందలి యెఱ్ఱపూస తోచును. అమరకోశమున విద్రుమము, ప్రవాళము అని చెప్పబడినది అదియే. అది ముఖ్యముగా మధ్యధరాసముద్రమునుండి వచ్చును. దిబ్బలు కట్టు రాతిపగడములు వేఱు. మన దేశమున అవి లక్షద్వీపములందు, అండమాను దీవులందు, మన్నారు సింధుశాఖయందు, కచ్ఛమునందు కలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో వానిని చేర్చిరి. కావున సముద్రమునుండి వానిని పెఱికి తెచ్చి యమ్ముట, కొనుట నేరము. అంగడివాడు చవకగా నిత్తునన్నంతమాత్రమున చేయి చాపరాదు. మా తొట్టెలో మెత్తని జాతులును, నత్తలును, రాళ్ళపై గులాబిరంగు పొరగా పెరుగు సున్నపునాచును మాత్రమే కలవు. ఈ నాచును తన పొరను సున్నముతోనే కట్టుకొనును. అందు మెగ్నీషియమును విశేషముగా చేర్చుకొనును.

మొన్నటి చలికాలమున ఆ గులాబిపొర వెలవెలబోవజొచ్చినది. హీటరుపైనను పంపు మూతిపైనను తెల్లని పెచ్చు గట్టినది. కాల్షియము కలిపినకొలది క్షారత పడిపోవుచుండెను. ఒక దుకాణమువారు కాల్షియమును రెండింతలు పోయుడని సలహా చెప్పిరి. మాకది సరిపడలేదు. పోసినదంతయు పెచ్చుగా మాఱుచుండగా ఇంకను పోయుటవలన పెచ్చు పెరుగుట తప్ప ఫలమేమి?

దీనికి కారణమిది. సముద్రజలమునందు కాల్షియమును కర్బనితమును తాము నిలువదగినదానికంటె అధికముగా నున్నవి. సందు దొరికినంతనే రెండును కలిసి సున్నపురాయియై అడుగు చేరజూచును. అప్పుడే పుట్టిన స్ఫటికపు కణముల మొగములను మెగ్నీషియము పట్టుకొని వానిని పెరుగనీయదు. పంచదారపాకము గడ్డకట్టకుండ మనము నిమ్మరసము పిండుదుము గదా. కారణము వేఱైనను పని యట్టిదే. మెగ్నీషియము తగ్గినచో ఆ కాపు పోవును.

లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము గల సహజ సముద్రజలమున మెగ్నీషియము ఇంచుమించు 1,290 మిల్లీగ్రాములు, కాల్షియము 410 మిల్లీగ్రాములు ఉండును. తొట్టెలో మెగ్నీషియము 1,250కి తగ్గక 1,350 దాటకుండ నుంచిన చాలును. పరీక్షకు ముందు లవణతను కొలువవలెను. ఉప్పే పలుచనైనచో మెగ్నీషియమును దానితోపాటు తగ్గి కనబడును; అప్పుడు కావలసినది మెగ్నీషియము కాదు, ఉప్పు. మా నీటి సాంద్రత 1.026, సరిగానే యున్నది.

పరీక్షాపేటికలో చిన్న సిరంజి, రెండు మూడు మందుసీసాలు ఉండును. కొలిచిన నీటిలో మందులు కలుపగా ఎఱ్ఱదనము వచ్చును. పిమ్మట కడపటి మందును బొట్టుబొట్టుగా వేయుచు గిలకరింపగా ఎఱ్ఱదనము విఱిగి నీలమగును. అది మాఱుటకు ఎంత మందు పట్టినదో చూచి పట్టికలో లెక్క తీయవలెను. దీపపు వెలుగున ఈ రంగులు మోసగించును. పగటిపూట కిటికీయొద్ద తెల్లకాగితము వెనుక నుంచి చూచుట మేలు. ఒకే నీటిని రెండుమార్లు పరీక్షించినను 30 మిల్లీగ్రాముల భేదము వచ్చుట వింత కాదు. మందుసీసాలను పిల్లల కందనీయరాదు.

మాకు 1,110 వచ్చినది. తొట్టె తినినదా, మొదటినుండియు తక్కువయేనా యని క్రొత్త పొట్లపు ఉప్పును ఆర్.ఓ. నీట కలిపి పరీక్షించితిమి. అదియు ఇంచుమించు అంతే. దోషము పొట్లమునందే యున్నది. (బోరునీరు వాడినచో ఇట్టి లెక్క తేలదు. మా ప్రాంతపు రాతినేలలో నీరు కాచిన గిన్నె కెల్ల తెల్లని పొర గట్టును. అందేమేమి కలవో ముందుగా తెలియదు.)

ఇక లెక్క. రాళ్ళు, ఇసుక పోగా మా తొట్టెలో నీరు 170 లీటర్లు. 1,110 నుండి 1,290కి లీటరునకు 180 చొప్పున మొత్తము 30.6 గ్రాముల మెగ్నీషియము కావలెను. స్ఫటికరూపమున దొరకు మెగ్నీషియము క్లోరైడులో నూటికి 12 పాళ్ళు మాత్రమే మెగ్నీషియము. కావున సుమారు 256 గ్రాముల లవణము పట్టినది. దీనిని నాలుగు దినములకు పంచి, దినమునకు 64 గ్రాములు లీటరు ఆర్.ఓ. నీటిలో కరిగించి, పంపు ప్రవాహము వడిగా నున్నచోట సన్నని ధారగా పోసితిమి. మందులంగడిలో దొరకు ఎప్సం సాల్టునందును నూటికి పది పాళ్ళ మెగ్నీషియము కలదు. కాని దానినే వాడినచో గంధకితము పెరిగిపోవును. కొద్దిగా మాత్రమే చేర్చవచ్చును. తోటల కెరువుగా అమ్ము ముతకరకము మాత్రము వలదు. మోతాదు మించినచో నీరు మార్చుట తప్ప వేఱు దారి లేదు గనుక తొందర పనికిరాదు.

అయిదవనాడు 1,280 వచ్చినది. హీటరుపై పెచ్చును గీకివేసిన పిదప మరల పట్టలేదు. క్షారత నిలకడగా నున్నది. నెల గడచుసరికి రాళ్ళ అంచులను గులాబిరంగు తిరిగి పాకినది. ఇప్పుడు నెల కొకమారును, క్రొత్త పొట్లము విప్పినప్పుడెల్లను పరీక్షింతుము.

లవణమును దాచుటనుగూర్చి యొక మాట. వానకాలమున గల్లుప్పు జాడీ చెమ్మగిల్లుట మన మెఱుగుదుము. నౌపాడ, చినగంజాముల మళ్ళలో ఉప్పు పేరుకొనిన పిదప మిగులు చేదునీటిలోని మెగ్నీషియము క్లోరైడు కొంత ఉప్పునకు అంటియుండి గాలిలోని తేమను లాగుటయే దానికి ముఖ్యకారణము. అట్టి లవణమునే సేరు తెచ్చి ఉంచుకొనినప్పుడు బిగుతు మూత గల గాజుసీసా కావలెను. చెమ్మగిల్లినచో తూకమున నీరును చేరును. 64 గ్రాములు తూచితిమనుకొన్నను లవణము అంతకు తక్కువే పడును.