మీకు తెలుసా? ఎడమొహం పెడమొహం దేశాలు ఒకే హాల్లో!

ఇస్లామిక్ సహకార సంస్థ గురించి వినే ఉంటారు. ఓఐసీ అంటారు. అందులో ఎన్ని దేశాలున్నాయో ఊహించండి! ఏకంగా 57! అన్నీ ఎడారి దేశాలే అనుకుంటున్నారా? కాదండీ! ఎక్కడో దక్షిణ అమెరికాలో ఉన్న గయానా, సురినామ్ కూడా సభ్యులే!

ఈ సంస్థ పుట్టింది ఒక అగ్నిప్రమాదం నుంచి! కాదు, ప్రమాదం కాదు. జెరూసలేంలోని అల్-అక్సా మసీదుకు 1969 ఆగస్టులో ఒక ఆస్ట్రేలియా వాసి కావాలనే నిప్పుపెట్టాడు. ముస్లిం దేశాలన్నీ భగ్గుమన్నాయి. సరిగ్గా 32 రోజులకు మొరాకో రాజధాని రబాత్‌లో నేతలంతా సమావేశమయ్యారు!

ఆ రబాత్ సదస్సుకు మన దేశాన్నీ పిలిచారు, తెలుసా? కానీ పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ ససేమిరా అన్నారు. మన బృందానికి తలుపులు మూసేశారు. మళ్ళీ 50 ఏళ్ళకు, అబుదాబీలో ఓఐసీ విదేశాంగ మంత్రుల సమావేశానికి అప్పటి మన విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గౌరవ అతిథిగా వెళ్ళారు. ఈసారి రానిది పాకిస్తాన్ మంత్రి!

ఇప్పుడు చెప్పేది మాత్రం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1974 ఫిబ్రవరి. పాకిస్తాన్‌లోని లాహోర్‌లో ఇస్లామిక్ దేశాల సదస్సు. బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ గుర్తిస్తే తప్ప రానన్నారు బంగ్లా నేత షేక్ ముజిబుర్ రహ్మాన్. మిగతా దేశాల పెద్దలు రంగంలోకి దిగారు. ఒక బృందం ఏకంగా ఢాకాకే వెళ్ళింది! చివరికి పాకిస్తాన్ ప్రధాని భుట్టో దిగివచ్చారు. ఫిబ్రవరి 22న గుర్తింపు ప్రకటించారు. మర్నాడే ముజిబ్ లాహోర్‌లో విమానం దిగారు! ఏ దేశం ఆయన్ను జైల్లో పెట్టిందో ఆ దేశమే స్వాగతం పలికింది! బద్ధశత్రువుల మధ్య ఇంతకంటే వింత పలకరింపు ఉంటుందా?

అరబ్ దేశాల కూటమి అరబ్ లీగ్‌దీ ఒక వింతే! దాని ప్రధాన కార్యాలయం అప్పట్లోనూ ఈజిప్టు రాజధాని కైరోలోనే ఉండేది. ఇజ్రాయెల్‌తో ఈజిప్టు శాంతి ఒప్పందం చేసుకుంది. అంతే! 1979లో ఆఫీసును ఆఫీసే ట్యునీషియాకు తరలించేశారు!

ఇక శత్రువుల మధ్య రాయబారం నడిపిన దేశం కథ! ఇరాన్ చేతిలో అమెరికన్లు బందీలుగా ఉన్నది 444 రోజులు! వాళ్ళను విడిపించిందెవరు? అల్జీరియా! ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి ఓపిగ్గా మోసింది. ఒప్పందాన్ని ప్రకటించింది కూడా అమెరికా కాదు, ఇరాన్ కాదు. అల్జీరియా ప్రభుత్వమే!

ఆ అల్జీరియా విదేశాంగ మంత్రి పేరు మహమ్మద్ సెద్దిక్ బెన్‌యాహియా. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇరాన్-ఇరాక్ యుద్ధం ఆపాలని బయల్దేరారు. 1982 మేలో ఆయన విమానాన్ని ఆకాశంలోనే కూల్చేశారు. సంధి కోసం వెళ్తూ ప్రాణమిచ్చిన మంత్రి! ఆ తర్వాత ఆ యుద్ధం ఇంకా 6 ఏళ్ళు సాగింది.

గాజా యుద్ధంపై 2023 నవంబరులో సౌదీ రాజధాని రియాద్‌లో రెండు శిఖరాగ్ర సమావేశాలు జరగాలి. ఒకటి అరబ్ దేశాలది, ఒకటి ఇస్లామిక్ దేశాలది. రెండింటినీ కలిపి ఒకటే చేశారు! హాల్లోకి ఎవరొచ్చారో తెలుసా? ఇరాన్ అధ్యక్షుడు రైసీ! ఇరాన్ అధ్యక్షుడు సౌదీ గడ్డ తొక్కడం 11 ఏళ్ళలో అదే మొదటిసారి!

ఇక మన తెలుగువాడి సంగతి! 1994లో జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో, కాశ్మీర్‌పై పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. ముస్లిం దేశాలన్నీ తన వెంటే ఉంటాయని లెక్కేసింది. ప్రధాని పీవీ నరసింహారావు ఏం చేశారో చూడండి! మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని పంపారు! అనారోగ్యంతో ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్‌ను టెహ్రాన్‌కు పంపారు! ఇరాన్ పాకిస్తాన్‌కు అడ్డం తిరిగింది. ఓటింగ్ దాకా వెళ్ళకుండానే పాకిస్తాన్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది!