తయారీదారే నడిపి చూపితే ఆ నమ్మకమే వేరు

దోమకొండ: కొత్త పరికరం గురించి కరపత్రంలో ఎంత గొప్పగా రాసినా రైతు వెంటనే సొమ్ము తీయడు. అదే పరికరాన్ని తయారుచేసిన వ్యక్తి ఎదుట నిలిచి నడిపి చూపితే చుట్టూ జనం మూగుతారు. దీనికి వింత ఆకర్షణ ఒక్కటే కారణం కాదు. బురదలో దిగబడితే ఏమవుతుంది? పళ్లు అరిగితే ఎక్కడ దొరుకుతాయి? ఇలాంటి ప్రశ్నలకు దుకాణంలోని అమ్మకందారు 'కంపెనీని అడిగి చెబుతా' అని తప్పించుకోవచ్చు. తయారీదారుకు ఆ వెసులుబాటు ఉండదు. జవాబు అక్కడే చెప్పాలి.

చింతకింది మల్లేశం రూపొందించిన ఆసు యంత్రమే ఇందుకు దగ్గరి నిదర్శనం. ఆయనది ఆలేరు సమీపంలోని శారాజీపేట. పట్టుచీరపై చిటికి అద్దకానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఈ పనితో తల్లి లక్ష్మికి భుజాల నొప్పి రావడం చూసి మల్లేశం 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. 1999 నాటికి దానిని పూర్తిచేసి తల్లి పేరే పెట్టారు. గంటల తరబడి పట్టే పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇలాంటి యంత్రాన్ని చేనేత కుటుంబాలకు మాటలతో నమ్మించడం కష్టం. దారం తెగకుండా మేకుల మీదుగా సాగడం కళ్లారా చూడాల్సిందే. పైగా చూపించే మనిషికి ఆ నొప్పి ఏమిటో ఇంట్లోనే తెలుసు.

విఫలమయ్యే ముప్పును అందరి ముందూ తలకెత్తుకోవడం మరో ఆకర్షణ. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ తాను రూపొందించిన లిఫ్టు వేదికపై స్వయంగా నిలబడి, పైనున్న తాడును తెగ్గొట్టించారు. వేదిక కొద్దిగా జారి ఆగిపోయింది. అప్పటిదాకా లిఫ్టు ఎక్కడానికి జంకిన జనానికి ఇంతకు మించిన హామీ ఏముంటుంది?

మన జిల్లాల్లోని సామాన్య ఆవిష్కర్తలకు ప్రకటనలిచ్చే స్తోమత ఉండదు. నడిపి చూపడమే వారికి ప్రచారం. 2019 ఆగస్టు 15న రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరిట జిల్లా కేంద్రాల్లో ప్రదర్శనలు ఏర్పాటు చేయడంతో ఇలాంటివారికి కొంత వేదిక దొరికింది. దోమకొండ వాసులకు జిల్లా కేంద్రమైన కామారెడ్డి దూరాభారమేమీ కాదు.

అయితే ప్రదర్శనకు కూడా హద్దులున్నాయి. చదునైన మైదానంలో పది నిమిషాలు చక్కగా నడిచిన కలుపుతీత యంత్రం వరిమడిలో మొరాయించవచ్చు. తన వస్తువుపై మమకారంతో తయారీదారు లోపాలను తక్కువచేసి చెప్పే వీలూ ఉంది. కాబట్టి ఆయన చేతిలోని పిడిని ఒకసారి మనమే పట్టుకుని నడపాలి. వీలైతే మన పొలంలోనే ఒక సాలు నడిపించమని కోరాలి. ఇప్పటికే కొన్న రైతు ఎవరో అడిగి, ఒక పంటకాలం వాడిన యంత్రం ఎలా ఉందో చూసి రావాలి. బయానా ఇచ్చేముందు మరమ్మతు ఎవరు చేస్తారో, విడిభాగాల ధర ఎంతో కాగితంపై రాయించుకోవాలి.